నాలుగు నిమ్మకాయలు, ఒక మూడో మనిషి

రెండేళ్ల కిందట కారు కొన్నాను. పదహారేళ్ల ఉద్యోగం తర్వాత మొదటి కారు. పన్నెండు వందల సీసీ. నలుగురు హాయిగా కూర్చోవచ్చు. ఐదోవాడు ఎక్కితే మిగతావాళ్లు వంతులేసుకుని ఊపిరి పీల్చుకోవాలి. హైదరాబాదులో ఓ షోరూము. ఏసీ చల్లగా ఉంది, కాఫీ వేడిగా ఉంది. టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు మా ఆవిణ్ని "మేడమ్, మీకే కలర్ ఇష్టం?" అని అడిగి సగం బేరం అక్కడే ముగించేశాడు. మిగతా సగం ఓ కాగితం మీద రాసి నా ముందు పెట్టాడు. బయట బోర్డు మీద చూసిన అంకె వేరు, ఈ కాగితం మీది అంకె వేరు. మధ్యలో లక్షా డెబ్భై వేల తేడా.

"ఇదేంటి బాబూ?"

"బోర్డు మీదది ఎక్స్ షోరూమ్ సార్. ఇది ఆన్ రోడ్."

అర్థమైంది. బోర్డు మీది ధరకైతే కారును షోరూములోనే ఉంచి, ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుని వెళ్లొచ్చు. రోడ్డెక్కించాలంటే మాత్రం ఈ ధర. వరసగా చదివాను. లైఫ్ టాక్స్. పేరు విని నా ప్రాణం మీద పన్నేమోనని జడుసుకున్నాను. బండి ప్రాణం మీదట. రిజిస్ట్రేషన్ ఫీజు. ఫాస్టాగ్. కాళ్ల కింద వేసే మ్యాట్లు, చక్రాల వెనక వేలాడే రబ్బరు ముక్కలు కలిపి 'ఎసెన్షియల్ కిట్'. వాటి మధ్యలో, పెళ్లిలో మేనమామలా నిండుగా, ఇన్సూరెన్స్: 47,300.

"ఇంతెందుకు?"

"ఇన్సూరెన్స్ లేకపోతే రిజిస్ట్రేషన్ అవ్వదు సార్."

ఆ కుర్రాడు అబద్ధమాడలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 47వది తీసి చూడండి. ఫారం 20 నింపి, దానికి అమ్మకం సర్టిఫికెట్టూ, బీమా సర్టిఫికెట్టూ జతచేస్తేనే బండికి నంబరు. నిజం చెప్పాడు. కాకపోతే పాలవాడు "ఇందులో పాలున్నాయి" అని చెప్పినట్టు చెప్పాడు.

రిజిస్ట్రేషన్‌కి చట్టం అడిగేది థర్డ్ పార్టీ పాలసీ. కొత్త కారుకైతే మూడేళ్లది. నా కారు సైజుకి దాని ధర సర్కారే ఖాయం చేసింది: 2022 జూన్ నుంచి 10,640 రూపాయలు. పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే 12,555. నడిపే యజమానికి పదిహేను లక్షల ప్రమాద బీమా ఉండాలంటారు, దానికింకో కొన్ని వందలు. అక్కడితో చట్టం చేతులు కడుక్కుంటుంది. అప్పు తీసుకుంటే బ్యాంకు మరికొంత అడుగుతుంది, అది వేరే గొడవ. మరి మిగతా ముప్పై నాలుగు వేల చిల్లర?

"అది మీ సేఫ్టీకి సార్."

నేనూ తక్కువ తిన్నవాణ్ని కాదు. అదే కంపెనీ, అదే పాలసీ బయట ముప్పై ఒక్క వేలకొస్తోందని ఫోను తీసి చూపించాను. కుర్రాడి మొహంలో చిరునవ్వు అలాగే ఉంది గానీ దాని వెనకున్న మనిషి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మేనేజరు వచ్చాడు. బయటి పాలసీ అయితే క్యాష్‌లెస్ కుదరదన్నాడు. మా వర్క్‌షాపులో క్లెయిమ్ కష్టమన్నాడు. చివరికి గోడమీది క్యాలెండరు వంక చూసి, "డెలివరీ కూడా కొంచెం లేటవుద్దేమో సార్... మీరు శ్రావణ శుక్రవారం అన్నారు కదా" అన్నాడు.

ఇక్కడే పడిపోతాడు తెలుగువాడు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, ముహూర్తం పోతే మా అత్తగారికి ఎవరు సమాధానం చెప్తారు?

పడిపోయేముందు చివరి బాణం వేశాను. "2017లోనే గైడ్‌లైన్స్ వచ్చాయండీ. షోరూములవాళ్లు పాలసీ అమ్మొచ్చు గానీ మా దగ్గరే కొనాలని కస్టమర్‌ని బలవంతపెట్టకూడదు." ఆయన నొచ్చుకున్నాడు. "ఛఛ, బలవంతమేముంది సార్? మీ ఇష్టం. మీ ఇష్టం ప్రకారమే చేద్దాం. మీ ఇష్టం ప్రకారం చేస్తే లేటవుద్దని మాత్రమే చెప్తున్నా." ఆ గైడ్‌లైన్సు రాసిన బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు. మన హైదరాబాదులోనే, నానక్‌రాంగూడలోనే ఉంది. మేం కాఫీ తాగుతున్న సోఫాకూ దానికీ మధ్య ఓ అరగంట ట్రాఫిక్. దీపం కింద చీకటి అనడానికి నాకు నోరు రావడంలేదు, ఎందుకంటే షోరూములో లైట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి.

కట్టాను. 47,300 కట్టాను.

మన ఇళ్లలో తద్దినం నాటి హడావిడి తెలుసు కదా. గారెలు ఎర్రగా వేగాయా, పరమాన్నంలో బెల్లం సరిపోయిందా, భోక్తలకు దక్షిణ ఎంత, అల్లుడికి పెరుగు వడ్డించారా. ఇల్లంతా ఒకటే సందడి. ఎవరి పేరు మీద ఇదంతా జరుగుతోందో ఆ పెద్దాయన ఫోటో మీద మాత్రం పోయినేటి దండే. బండి బీమా కూడా అంతే. షోరూముకు కమిషన్ కావాలి, కంపెనీకి ప్రీమియం కావాలి, ఆర్టీఏ ఆఫీసుకు కాగితం కావాలి, పోలీసుకు తేదీ కావాలి, నాకు నంబరు ప్లేటు కావాలి. ఎవరి కోసం ఈ గారెలు వండారో ఆయన ఊసు ఎవరికీ లేదు.

ఎవరా ఆయన? ఇంగ్లండువాళ్లు 1930లో చట్టం చేసుకున్నారు. మనకు 1939 చట్టంలో రాశారు గానీ ఆ అధ్యాయాన్ని 1946 జూలై 1 దాకా అటకమీదే ఉంచారు. ఇప్పుడున్నది 1988 చట్టం, 146వ సెక్షన్. అన్నిటి సారం ఒక్కటే. బండి ఉన్నవాడు రోడ్డున పోయేవాణ్ని గుద్దుతాడు. గుద్దినవాడి దగ్గర డబ్బు ఉండకపోవచ్చు, ఉన్నా లేదనొచ్చు. పోయినవాడి పెళ్లాం పిల్లలు ఆ కారణాన వీధిన పడకూడదు. కాబట్టి బండి రోడ్డెక్కే ముందే ఆ సొమ్ముకు పూచీ ఉండాలి. పాలసీలో మొదటి పార్టీ మీరు, రెండో పార్టీ కంపెనీ. మూడో పార్టీ, మీరు ఇంకా గుద్దని మనిషి. కాగితం మీద ఆయన పేరుండదు, ఎందుకంటే ఆయనెవరో మీకూ తెలీదు, ఆయనకూ తెలీదు. ఆయన చావుకు పరిహారంలో పైపరిమితి లేదు; ఆయన ఆస్తికి కారు నష్టం చేస్తేనేమో ఏడున్నర లక్షల దాకా.

ఇంత గంభీరమైన సంగతిని మన జనం ఎలా అర్థం చేసుకున్నారో చూడండి. "నీది థర్డ్ పార్టీయా? అయ్యో, దండగ. నేను ఫస్ట్ పార్టీ చేయించా" అంటాడు మా పక్కింటాయన. ఆయన లెక్కలో థర్డ్ పార్టీ అంటే థర్డ్ క్లాసు టిక్కెట్టు. రోడ్డు మీద ఎవరికేమైనా అయితే ఇచ్చేది నాసిరకం. తన బంపర్‌కు గీత పడితే ఇచ్చేది మేలురకం. తప్పు ఆయనది కాదు. థర్డ్ పార్టీ ధర సర్కారు చేతిలో ఉంది, దాంట్లో బేరాలాడటానికి ఏమీ లేదు. రాబడంతా సొంత బండి డ్యామేజీ భాగంలో ఉంది. 2017 నాటి ఆ గైడ్‌లైన్సే కార్లకు ఆ భాగంలో పందొమ్మిదిన్నర శాతం, టూవీలర్లకు ఇరవై రెండున్నర శాతం దాకా షోరూముకు ముట్టొచ్చని రాశాయి. తర్వాత 2023లో విడివిడి పరిమితులు ఎత్తేసి, కంపెనీ మొత్తం ఖర్చుకే ఒక గీత గీశారు. అంటే ఎవరికెంతన్నది ఇప్పుడు వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. మిగులు ఉన్నచోట మాటలు పుడతాయి. మూడో మనిషి దగ్గర మిగులు లేదు.

ఇక మిగులున్నచోటికి వద్దాం. అక్కడ నా కారుకు ఐడీవీ అని ఒక విలువ కట్టారు. కారు షోరూము గేటు దాటితే చాలు, ఐదు శాతం విలువ గాల్లో కలిసిపోతుంది. ఆర్నెల్లు దాటితే పదిహేను. ఏడాది దాటితే ఇరవై. ఐదో ఏడు నడుస్తుంటే సగం. మనిషికైతే వయసుతోపాటు గౌరవం పెరుగుతుందని చెప్పి ఓదారుస్తారు, కారుకు ఆ భాగ్యం కూడా లేదు. పాలసీ మామూలుదైతే ఏదైనా తగిలినప్పుడు ముక్కముక్కకూ తరుగుదల లెక్క. అద్దానికి తరుగు లేదు. ఫైబర్‌కు ముప్పై. రబ్బరు, ప్లాస్టిక్, టైరు, బ్యాటరీలకు సగం. ఇప్పటి కార్లలో బంపర్ ప్లాస్టిక్ కాక మరేమిటి? అంటే దెబ్బ కాయడానికి ముందు నిలబెట్టినవాడికే కూలి సగం కోత. ఆ కోత వద్దనుకుంటే 'జీరో డెప్' అని ఇంకో మూట కొనుక్కోవాలి. దాన్నే మనవాళ్లు బంపర్ టు బంపర్ అంటారు. ఇంజినుకొక మూట, తాళంచెవి పోతే ఒక మూట, టైర్లకొక మూట. సంతలో మేకను కొంటే తాడు వేరే, కొమ్ములు వేరే అన్నట్టు.

ఈ మూటను కూడా తప్పనిసరి చేద్దామని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఒకసారి అనేసింది. కొత్త బండ్లకు ఐదేళ్లపాటు బంపర్ టు బంపర్ ఉండాల్సిందే అని, సెప్టెంబరు 1 నుంచి. రెండు వారాలు తిరక్కుండానే, ఇప్పటి పరిస్థితుల్లో అమలు కష్టమని తనే వెనక్కి తీసుకుంది. ఆ నాలుగు రోజులూ షోరూముల్లో దసరా ముందే వచ్చిందని చెప్పుకుని ఉంటారు.

మూడేళ్ల పాలసీ కథ కూడా కోర్టుదే. జనం బండి కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ కోసం ఏడాది పాలసీ కట్టి, తర్వాత దాని ముఖం చూడటం మానేశారు. బీమా లేని బండ్లు గుద్దితే బాధితులకు దిక్కు లేదు. అందుకని సుప్రీంకోర్టు 2018 జూలైలో చెప్పింది: కొత్త కార్లకు మూడేళ్లు, టూవీలర్లకు ఐదేళ్లు ఒకేసారి కట్టించుకోండి. సెప్టెంబరు 1 నుంచి అమలైంది. మంచి పనే. జబ్బు మాత్రం నయం కాలేదు, మూడేళ్లు వాయిదా పడింది. ఇదివరకు ఏడాది తర్వాత మరిచిపోయేవాళ్లు, ఇప్పుడు మూడేళ్లు ఆగి మరిచిపోతున్నారు. దేశంలో తిరిగే బండ్లలో ఇంచుమించు సగానికి బీమా లేదని పార్లమెంటు కమిటీల్లోనే అనుకుంటున్న మాట. ఎందుకుంటుంది? బీమా అడిగేది ఒకే ఒక్కసారి, నంబరు ఇచ్చేటప్పుడు. నంబరేమో పదిహేనేళ్లు. పెళ్లిచూపుల్లో పాడించుకున్న పాట కాపురంలో మళ్లీ ఎవరడుగుతారు?

అయినా మనం నంబరుకు ఇచ్చే విలువ తక్కువేం కాదు. ఖైరతాబాద్ ఆర్టీఏలో నాలుగు తొమ్మిదులు వేలానికి వస్తే లక్షల్లో పాడతారు, పదుల లక్షల్లో కూడా పాడారు. నాలుగు తొమ్మిదుల వెనక్కి చూస్తే, ఆ బండి గుద్ది ఆగకుండా పోయి, ఎవరిదో తెలియకపోతే, చచ్చిపోయినవాడి కుటుంబానికి చట్టం ఇచ్చేది రెండు లక్షలు. అది కూడా 2022 ఏప్రిల్ నుంచి. అంతకుముందు ఎంతో తెలుసా? ఇరవై ఐదు వేలు. తొమ్మిదికి తొమ్మిది కూడితే మళ్లీ తొమ్మిదే వస్తుందని, అదృష్టమని మన న్యూమరాలజీ. ఎవరి అదృష్టమో చెప్పదు.

బీమా లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత జరిమానా రెండు వేలు, లేదా మూడు నెలల జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే నాలుగు వేలు. నూటయాభై సీసీ లోపు మోటారుసైకిలుకు ఏడాది థర్డ్ పార్టీ 714 రూపాయలు, పన్నుతో 843. లెక్కల మాస్టారికి చెప్తే కట్టెయ్యమంటాడు. కానీ మనం లెక్కల మాస్టారి దగ్గర చదవలేదు, రోడ్డు దగ్గర చదివాం. చౌరస్తాలో కెమెరా హెల్మెట్టును ఫోటో కొడుతుంది, ట్రిపుల్ రైడింగును కొడుతుంది. తలలోపల ఏముందో, డిక్కీలో ఏ కాగితం ఉందో అన్నది ఎప్పుడో స్పెషల్ డ్రైవ్ పెట్టినప్పటి మాట. దొరికినా భయమేముంది? మన రాష్ట్రంలో చలాన్లకు కూడా ఆషాఢం సేల్ ఉంటుంది. 2022 మార్చిలో టూవీలర్ చలాన్లకు డెబ్భై ఐదు శాతం తగ్గింపు. 2023 డిసెంబరులో ఎనభై. వరసగా నిలబడి కట్టారు జనం. కోర్టు కేసులకు ఈ తగ్గింపు వర్తించదని ఎవరో అన్నారు గానీ, సేల్ బోర్డు చూసినవాడు షరతులు చదువుతాడా? ఎప్పటికప్పుడు కట్టినవాడు మాత్రం, సేల్‌కు ముందురోజు చీర కొన్న ఇల్లాలిలా మిగిలిపోయాడు.

పన్ను సంగతి. తప్పనిసరి చేసిందీ సర్కారే, ధర పెట్టిందీ సర్కారే, ఆ ధర మీద పద్దెనిమిది శాతం పన్ను తీసుకునేదీ సర్కారే. 2025 సెప్టెంబరులో వ్యక్తుల జీవిత బీమాకూ, ఆరోగ్య బీమాకూ జీఎస్టీ ఎత్తేశారు. చిన్న కార్లకు ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిదికి దించారు. మన సొంత బండ్ల బీమాకు మాత్రం పద్దెనిమిది పద్దెనిమిదే. కారు కొనడం సులువైంది. ఆ కారు కింద పడేవాడి పూచీ మాత్రం పాత రేటే.

చట్టం ఇంత కఠినంగా అడుగుతుంది కదా, అందరినీ అడుగుతుందా? 146వ సెక్షన్ మరో రెండు లైన్లు చదవండి. వ్యాపారానికి వాడని ప్రభుత్వ బండ్లకు బీమా అక్కర్లేదు. ఆర్టీసీల్లాంటి రవాణా సంస్థలు సొంతంగా ఒక నిధి పెట్టుకుంటే వాటికీ మినహాయింపు ఇవ్వొచ్చు. సర్కారు దగ్గర డబ్బుంటుంది, బాధితుడికి ఎగ్గొట్టదు అని దాని తర్కం. ఆ తర్కం వినడానికి బాగుంటుంది. చూడటానికి మాత్రం ఇలా ఉంటుంది: మిమ్మల్ని రోడ్డు వార ఆపి "ఇన్సూరెన్స్ చూపించు" అంటున్న ఆ జీపుకు ఇన్సూరెన్స్ ఉండాల్సిన పనిలేదు.

మూడో మనిషి ఎవరన్నది తేల్చడం కూడా మాటలు కాదు. మోటారుసైకిల్ మీద మొగుడూ పెళ్లాం సంతకు వెళ్తున్నారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీ. మొగుడు నడుపుతూ పడేశాడు. వెనక కూర్చున్నావిడకు దెబ్బలు తగిలాయి. కంపెనీ ఇస్తుందా? ఇవ్వక్కర్లేదని 2006లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఊరికే ఎక్కించుకున్న వెనక సీటు మనిషి ఆ పాలసీ కిందికి రాదు. ఆవిడ మొదటి పార్టీ కాదు, రెండో పార్టీ కాదు, మూడో పార్టీ కూడా కాదట. ఏడడుగులు నడిచినావిడ కదా, ఎనిమిదో అడుగు కూడా నడిచి బండికి ముందు రోడ్డు దాటుతూ ఉండగా ఆ మొగుడే వచ్చి గుద్దితే అప్పుడు దర్జాగా థర్డ్ పార్టీ. కాబట్టి అమ్మలారా, నడవండి.

మిరపకోతల కాలంలో ఊళ్లలోకి వెళ్లండి. తెల్లారకముందే ట్రాక్టరు ట్రాలీ నిండా ఆడకూలీలు, టిఫిను గిన్నెలు, చంటిపిల్లలు. ట్రాక్టరుకు పాలసీ ఉంది, వ్యవసాయపు పనికి. రిజిస్ట్రేషన్ కాగితంలో సీట్లు ఒకటి, డ్రైవరుది. ట్రాలీ బోల్తాపడితే కంపెనీ వకీలు ఆ 'ఒకటి' అన్న అంకె మీద వేలు పెట్టి చూపిస్తాడు. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు కంపెనీ బాధ్యత లేదని 2003లోనే పెద్దకోర్టు చెప్పిన మాట వినిపిస్తాడు. కొన్నిసార్లు కోర్టులు జాలిపడి, ముందు మీరిచ్చేయండి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోండి అంటాయి. కొన్నిసార్లు అనవు. కూలి ఖర్చు కలిసొస్తుందని ట్రాక్టరెక్కించిన ఆసామికి అప్పుడు తెలుస్తుంది, తన ఎకరం ఎంత పలుకుతుందో.

మా బాబాయి కథ ఇంకా చిత్రం. ఎప్పుడో ఓ మోటారుసైకిలు పాలు పోసే కుర్రాడికి అమ్మాడు. ఫారం 29, ఫారం 30 ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చేశాడు. "పేరు మార్చుకోరా అబ్బీ" అన్నాడు, కుర్రాడు "అట్టాగే బాబాయ్" అన్నాడు. ఆ 'అట్టాగే' నాలుగు చేతులు మారింది. పాలసీ మొదటి చేతిలోనే చచ్చిపోయింది. ఆరేళ్ల తర్వాత బాబాయికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి నోటీసు. ఎక్కడో ఎవరో ఆ బండి మీద వెళ్తూ ఎవరినో గుద్దారు. "బండి నాది కాదు మొర్రో, అది ఇప్పుడే రంగుందో కూడా తెలీదు" అని మొత్తుకున్నాడు. కాగితం మీద పేరెవరిదో వాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో మరోసారి ఖరాఖండిగా చెప్పి ఉంది. బండి అమ్మిన డబ్బు ఏడు వేలు. వకీలు ఫీజు, తిరుగుళ్లు, వాయిదాలు ఇప్పటికే దానికి ఎన్నింతలో బాబాయి లెక్కపెట్టడం మానేశాడు. మనవాళ్లు సీ బుక్కు అని దాన్ని ఎందుకన్నారో ఆయనకిప్పుడు అర్థమైంది. 'సీ' అన్నది తెలుగు మాటేనట.

ఇక నా బండి. ముహూర్తానికి డెలివరీ ఇచ్చారు, మెడలో దండ వేశారు, కేకు కోయించారు, ఫోటో తీశారు. తాత్కాలిక నంబరు మీద ఓ పన్నెండు రోజులు తిరిగి, పర్మనెంట్ నంబరు కోసం ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాను. గేటు బయట వేపచెట్టు కింద టేబుల్ వేసుకున్న ఓ బ్రోకరు నా ఫైలు చూసి, "ఇన్సూరెన్స్ ఎంతకు జేసిండ్రన్నా?" అన్నాడు. చెప్పాను. చనిపోయినవారి ఇంటికొచ్చినవాడిలా తల అడ్డంగా ఊపాడు. "నాకొక్క ముక్క ఫోన్ జేస్తే అయిపోవు గదా." నేను ముక్క చెప్పలేదు.

లోపల వరస. మా కాలంలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని పిలిచే అధికారి వచ్చాడు. బానెట్ ఎత్తమన్నాడు. అసిస్టెంటు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. చిన్నప్పుడు నాణెం మీద రుద్దినట్టు నంబరు పైకి తేలింది. బీమా కాగితం తీసి చూశాడు. కంపెనీ పేరు చూడలేదు, ఐడీవీ చూడలేదు, జీరో డెప్ చూడలేదు. నేను ముప్పై నాలుగు వేలు పోసి కొన్న నా సేఫ్టీని వేలితో పక్కకు తోసి, "వాలిడిటీ ఎక్కడ్దాకా?" అని తేదీ ఒక్కటి చూశాడు. టిక్కు పెట్టాడు. అంతా కలిపి నలభై సెకన్లు.

బయటికొచ్చేసరికి మా ఆవిడ గేటు పక్కన నిలబడి ఉంది. పెద్దమ్మ గుడికి వెళ్లాలి, బండి పూజ. మేము ఆంధ్రలో ఉంటే అన్నవరం కొండ కింద తొలిపావంచా దగ్గర ఆగేవాళ్లం, ఇక్కడ పెద్దమ్మ తల్లి. ఫుట్‌పాత్ అనేది ఆ గేటు బయట ఎప్పుడో ఉండేదట. ఇప్పుడు దాని జ్ఞాపకం మీద, నా వెనక చక్రానికి జానెడు దూరంలో, ఓ ముసలమ్మ గోనెపట్టా పరుచుకుని నిమ్మకాయలు, గుమ్మడికాయలు అమ్ముతోంది. రివర్స్ తీస్తుంటే సెన్సరు కీచుమని అరిచింది. ఆమె కదల్లేదు. రోజూ ఎన్ని కొత్త బండ్లు ఆమె మోకాళ్ల దాకా వచ్చి ఆగి ఉంటాయో. అద్దం దించి అడిగాను.

"నిమ్మకాయలు ఎట్లమ్మా?"

"నాలుగా సారు, ఐదా?"

"చక్రాలు నాలుగే కదా, ఐదోదెందుకు?"

"స్టెప్నీకి. అందరు దీస్కుంటున్నరు."